ఒక్కనాటి పురుగునకు నాలుగు పేళ్లు



నేడు నేను చెప్పబోవు విషయము మిక్కిలి చిన్నది. కొలతకు అంగుళము. ఆయువునకు, రెక్కలు వచ్చిన పిమ్మట, రెండు మూడు దినములు. ఇంగ్లాండు దేశపు ఏళ్లమీద వసంతము ముగియు వేళ లేచెడి మేఫ్లై అను పురుగును గూర్చియు, దాని జ్ఞాతివర్గమును గూర్చియు, వానికి అచ్చటి గాలము వేయువారు పెట్టుకొన్న పేళ్లను గూర్చియు చెప్పెదను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రమించినవానికి పరదేశపు పురుగులతో పని యేమని మీరడుగవచ్చును. నా పని పురుగులతో కాదు, పేళ్లతో. చిన్ననాట అమరకోశము వల్లించినవానికి వింతపేరు వినబడిన చోట కాలు ముందునకు సాగదు.

మా కుమార్తె ఇంగ్లాండున హాంప్‌షైర్ అను జిల్లాలో కాపురమున్నది. ఒక వేసవిలో అచ్చట నెల దినములుంటిని. ఆ జిల్లాలో టెస్టు అను నొక యేఱు కలదు. సుద్దకొండలలో ఇంకిన వాననీరు ఊటలుగా వెలువడి కూడిన యేఱది. నీరు అద్దమువలె తేట. ఇట్టి సుద్దయేళ్లు లోకమున నున్నవానిలో చాలభాగము ఇంగ్లాండునందే కలవు. వానిలో ట్రౌటు అను మచ్చల చేప యుండును. ఇంగ్లీషువారు మన దేశమున కాశ్మీరపు ఏళ్లకు తెచ్చి పెంచిన చేప యిదియే.

స్టాక్‌బ్రిడ్జి అను ఊరివద్ద వంతెనపై నిలిచి చూచుచుండగా, ఏటి కాపరిగా పనిచేసి విశ్రమించిన ముదుసలి యొకడు పరిచయ మయ్యెను. నీటినుండి లేచుచున్న పసుపుపచ్చని రెక్కల పురుగును చూపి దాని పేరడిగితిని. గ్రీన్ డ్రేకు అనెను. గడ్డిమీద వ్రాలిన మఱొకదానిని చూపితిని. దాని రెక్కలు గాజువలె మెఱయుచున్నవి. గ్రే డ్రేకు అనెను. చెట్టుదాపున గుంపుగా లేచుచు దిగుచు ఆడుచున్న నల్లనివానిని చూపితిని. బ్లాక్ డ్రేకు అనెను. రెక్కలు చాచి నీటిమీద కొట్టుకొనిపోవుచున్న యొకదానిని చూపితిని. స్పెంట్ నాట్ అనెను. సత్తువ ఉడిగిన దోమ యని దాని యర్థము. నాలుగు పురుగులు, నాలుగు పేళ్లు అని నేను చీటిమీద వ్రాసికొనుచుంటిని. ఆయన నవ్వి, "అయ్యా, ఆ నాలుగును ఒక్కటే" అనెను.

ఆ మాటయే నేటి ప్రసంగమునకు మూలము.

మొదట పురుగు సంగతి. తొలకరి వాన వెలిసిన సాయంకాలము దీపము చుట్టు ముసరెడి ఉసిళ్లను మీరెఱుగుదురు. అవి పుట్టలనుండి వచ్చు చెదల జాతి. మేఫ్లై వానికి చుట్టము కాదు. ఇది నీట పుట్టి నీట పెరుగును. దీని జాతులు లోకమున మూడు వేలకు పైగా కలవు. మన దేశపు ఏళ్లలోను వాగులలోను కూడ ఉన్నవి. ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్సు దేశములలో కలవి సుమారు ఏబది. వానిలో పెద్దది, మేఫ్లై యని మొదట పేరు పడసినది, ఏటి అడుగున ఒండ్రులో బొఱియ త్రవ్వుకొని ఇంచుమించు రెండేండ్లు బ్రతుకును. పంకమున పుట్టినది కనుక పంకజమనుటకు తామరకెంత హక్కు కలదో దీనికిని అంత కలదు. పిమ్మట వసంతాంతమున నొకనాడు నీటిపైకి తేలి, వీపు పగిలి, రెక్కలతో వెలువడును.

వింత యిచ్చటనే యున్నది. తక్కిన పురుగులన్నియు రెక్కలు వచ్చిన పిమ్మట మఱల కుబుసము విడువవు. ఈ జాతి యొక్కటియే విడుచును. మొదట వచ్చు రూపమున రెక్కలు మసకగా నుండును. ఆ రూపమును గాలము వేయువారు డన్ అందురు. అది చెట్టుపై చేరి, సాధారణముగా ఒక దినము లోపల, రెక్కలతో సహా పొర విడిచి, తళతళలాడు రెండవ రూపమును తాల్చును. దానిని స్పిన్నరు అందురు. మన శాస్త్రములలో పక్షిని ద్విజమనిరి. గ్రుడ్డుగా నొకసారి, పిల్లగా నొకసారి పుట్టునని. మేఫ్లై రెక్కలతోనే రెండు మారులు పుట్టుచున్నది. ఈ రెండు రూపములందును దానికి తినుటకు నోరు లేదు. జత కూడుట, గ్రుడ్లు పెట్టుట, చచ్చుట, ఇంతియే మిగిలిన పని.

ఇప్పుడు నాలుగు పేళ్లకు కారణము తెలియును. గ్రీన్ డ్రేకు మొదటి రూపము. గ్రే డ్రేకు రెండవ రూపమున ఆడుది. బ్లాక్ డ్రేకు మగది. స్పెంట్ నాట్ గ్రుడ్లు విడిచి నీటిపై పడినది. పండితుడు ఒక్క పురుగనును. గాలము వేయువానికి మాత్రము ఇవి నాలుగు. ఏలనన, అతడు గాలమునకు వానపామును గ్రుచ్చడు. గాలపు కొక్కెమునకు పట్టుదారము, ఉన్ని, పక్షియీకలు చుట్టి పురుగువంటి బొమ్మను కట్టి నీటిపై విడుచును. నీటిపై చచ్చిన తెల్లని పురుగులు తేలుచుండగా పచ్చనిదానిని వేసినచో ట్రౌటు దానివైపు చూడకపోవుటయు కలదు. కనుక పేరనగా అతనికి ఏ ఈకను ఏ వేళ కట్టవలెనో చెప్పెడి ఆజ్ఞ.

ఈ పేళ్ల చరిత్ర ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దియందు గ్రీకు పండితుడు అరిస్టాటిలు, హిపానిస్ అను నదివద్ద వేసవి యయనాంతపు రోజులలో పుట్టి సూర్యాస్తమయముతో చచ్చు రెక్కల జీవి నొకదానిని వర్ణించి, దానికి ఒక్కదినపుది యను నర్థము వచ్చు ఎఫీమెరాన్ అను పేరు కలదని వ్రాసెను. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఏలియను అను గ్రంథకర్త, మాసిడోనియాలో ఆస్త్రేయస్ అను నదిలో మచ్చల చేపలను పట్టుటకు జనులు ఎఱ్ఱ ఉన్నియు కోడియీకలును గాలమునకు చుట్టుదురని వ్రాసెను. ఆ చేపలు తినెడి పురుగునకు అచ్చటివారు పెట్టుకొన్న హిప్పూరస్ అను పేరును కూడ చెప్పెను. పేరు మనవఱకు వచ్చినది. అది యే పురుగో నేటికిని వాదమే. పేరు నిలిచి అర్థము పోయిన మాటకు ఇది మొదటి దృష్టాంతము. దీనిని మనసున నుంచుకొనుడు.

ఇంగ్లాండున గాలమును గూర్చిన మొదటి అచ్చుపుస్తకము 1496లో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు వెలువరించినది. అందు పండ్రెండు ఈకల పురుగులు నెలల వరుసను చెప్పబడినవి. మార్చికి డన్ ఫ్లై. డన్ అనగా బూడిద కలిసిన గోధుమవన్నె; ఇంగ్లీషువారు పశువుల వన్నెకును గుఱ్ఱముల వన్నెకును ఆ మాటనే వాడుదురు. మన రైతు ఎద్దును చూచి మయిల యన్నట్లు వారు పురుగును చూచి డన్ అనిరి. పురుగునకు పశువుల దొడ్డినుండి పేరు వచ్చినదన్నమాట. ఆగస్టుకు చెప్పిన డ్రేక్ ఫ్లైకి రెక్కలు మగబాతు ఈకలతో కట్టవలెనని వ్రాసినారు. డ్రేకు అనగా మగబాతు. ఆ పండ్రెండింటిలో కొన్ని నేడును పోల్చుకొనవచ్చును. టాండీ ఫ్లై వంటివి యేవో వాదమునకే మిగిలినవి.

1653లో ఐజాక్ వాల్టను గాలపువిద్యను గూర్చి ప్రసిద్ధగ్రంథము వ్రాసెను. 1676లో అతని మిత్రుడు చార్లెస్ కాటను దానికి రెండవ భాగము చేర్చెను. డవ్ అను ఏటియొడ్డున ఇల్లున్నవాడు కాటను. అతడు గ్రీన్ డ్రేకును గ్రే డ్రేకును చక్కగ వర్ణించెను. ఆకారము, కొలత ఒక్కటే, వన్నె వేఱు అనెను. అయినను పట్టికలో రెండింటిని వేఱువేఱుగానే లెక్కవేసెను.

పంచాంగము చూచువారికి ఇచ్చట నొక మాట. మేఫ్లై యనగా మే నెల యీగ. కాని నేడది మే చివరను లేచి జూను మొదటి వారములలో అధికముగా కనబడును. పేరు తప్పా? కాదు. ఇంగ్లాండువారు 1752 సెప్టెంబరులో తమ పంచాంగమును సవరించి పదునొకండు దినములు త్రోసివేసిరి. వెనుకటి లెక్కలో మే ముగియునప్పటికి నేటి లెక్కలో జూను 11 అగును. పురుగు తప్పలేదు, లెక్క మాఱినది. ఆ పక్షము దినములలో చేతకానివాడు కూడ చేపను పట్టగలడని దానికి మొద్దుల పక్షమని అర్థము వచ్చు నొక పరిహాసనామము కూడ కలదు.

పేళ్లకును శాస్త్రమునకును పెండ్లి చేసినవాడు ఆల్ఫ్రెడ్ రొనాల్డ్సు. 1836లో అతని గ్రంథము వెలువడెను. స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో బ్లైత్ అను ఏటిమీదికి వంగునట్లు చిన్న గుడిసె కట్టుకొని, అందు కూర్చుండి చేపల చేష్టలను గమనించెను. చేపకు వినికిడి యెంతయో తెలిసికొనుటకు దాపున తుపాకి కాల్పించి చూచెను, చేప కదలలేదు. నలుబదియేడు పురుగులకు గాలము వేయువారి పేరును, శాస్త్రజ్ఞుల లాటిను వివరమును, బొమ్మను ప్రక్కప్రక్కన చేర్చెను. రాగిరేకులపై బొమ్మలు చెక్కినవాడును తానే. గ్రీన్ డ్రేకే గ్రే డ్రేకగునని అందు స్పష్టముగ నున్నది. ఆ పిమ్మట అతడు ఆస్ట్రేలియాకు వలసపోయి 1860లో అచ్చటనే మరణించెను.

తరువాత 1886 మొదలుకొని హాల్ఫర్డు అను ఆయన చచ్చిన చేపల కడుపులు కోసి అవి తిన్న పురుగులను పోల్చి గ్రంథములు వ్రాసెను. అదే టెస్టు యేటిమీద విలియం లన్ అను ఏటి కాపరి యుండెను. ఆలివు అను జాతిలో కొన్నిటి ఆడుది వంతెన కాలిని పట్టుకొని నీటిలోనికి దిగి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లను గూటిపురుగులు ప్రాకి వచ్చి తినివేయుట లన్ కనిపెట్టెను. ప్రాకు పురుగు ఈదలేదు కదా యని, పలకలను నీటిపై తేలునట్లు కట్టి విడిచెను. ఆలివులు వానిమీద గ్రుడ్లు పెట్టినవి, గ్రుడ్లు బ్రతికినవి. పురుగు పేరు తెలిసినవానికి దాని నడవడి తెలియును. నడవడి తెలిసినవాడే దానిని కాపాడగలడు.

ఇక జ్ఞాతుల పేళ్లు. మార్చ్ బ్రౌను రాళ్ల యేళ్లలో మార్చి, ఏప్రిలు నెలల మధ్యాహ్నమున ఒక్కుమ్మడిగ లేచి కొంతసేపటికి మాయమగును. నెల, వన్నె, రెండును పేరులోనే కలవు. ఐరన్ బ్లూ చిన్నది. ఇనుము కాల్చి చల్లార్చిన నీలివన్నె రెక్కలు. చలిగాలి విసరెడి ముసురుదినమున, తక్కినవి కనబడనప్పుడు, ఇది లేచును. బ్లూ వింగ్డ్ ఆలివు వేసవి సాయంకాలపుది. ఆడుది ఆకుపచ్చని గ్రుడ్ల ముద్దను తోకక్రింద మోసికొని ఏటిమీద ఎగురును. దాని రెండవ రూపమునకు షెర్రీ స్పిన్నరని పేరు. షెర్రీ అను ద్రాక్షసారపు ఎఱుపు దానిది. అన్నిటికంటె చిన్నది కేనిస్ అను జాతి. అది లెక్కకు మించి లేచును. ట్రౌటు వానినే మ్రింగుచు గాలపుబొమ్మను చూడనే చూడదు. దానికి ఆంగ్లర్స్ కర్స్ అని పేరు, అనగా గాలము వేయువాని శాపము. మన అలంకారికులు చెప్పిన యౌగికము, రూఢి, యోగరూఢి యను మూడు విధములు ఈ చేపలవారి మాటలలో నాకు కనబడినవి. మార్చ్ బ్రౌను యౌగికము. అవయవముల యర్థమే పదమున కర్థము. మేఫ్లై యోగరూఢి, మే నెలలో ఎగురునవి ఎన్ని యున్నను పేరు దీనికే చెల్లినది.

పండితుల పేరు స్థిరము, పామరుల పేరు చంచలమని మనమందుము. అది పూర్తిగ నిజము కాదు. బ్లూ వింగ్డ్ ఆలివునకు 1761లో పెట్టిన లాటిను పేరులో మొదటిమాట ఎఫీమెరా, తరువాత ఎఫీమెరెల్లా, ఇప్పుడు సెరాటెల్లా. ఏటియొడ్డు పేరు మాత్రము అట్లే యున్నది. ఇంగ్లాండు మేఫ్లైకి శాస్త్రజ్ఞులు 1764లో పెట్టిన పేరు ఎఫీమెరా డానికా. డానికా అనగా డెన్మార్కు దేశపుది! అట్లని పామరుల పేరునకు దోషము లేదనరాదు. ఇంగ్లాండునుండి అమెరికాకు వలసపోయినవారు పాతపేళ్లను మూటగట్టుకొని పోయిరి. అమెరికా తూర్పుదేశపు మార్చ్ బ్రౌను వేఱు పురుగు. అది మే నెలలో లేచును. పేరున మార్చి, లేచుట మే! బ్లూ వింగ్డ్ ఆలివన్న అచ్చట వేఱొక వర్గమంతయు వచ్చును. మన నానార్థవర్గము వంటి చిక్కు ఇది. దీనిని విప్పుటకు లాటిను పేరే దిక్కు. కనుక రెండు పేళ్లును కావలయును.

అమెరికాలో కొత్తపేళ్లును పుట్టినవి. 1916 ప్రాంతమున రాయ్ స్టీన్‌రాడ్ అను తపాలా ఉద్యోగి యొక ఈకల పురుగును కట్టి హెండ్రిక్సను అను మిత్రుని పేరు పెట్టెను. ఆ బొమ్మ పేరు పిమ్మట ప్రాణమున్న పురుగునకే వచ్చినది. ట్రైకొరిథోడీస్ అను నోరు తిరుగని లాటిను పేరును గాలము వేయువారు ట్రైకో యని విఱిచి వాడుకొనుచున్నారు. తత్సమము తద్భవమైనది. మనకు ఆకాశము ఆకసమైనట్లే కదా!

ఇక ఆ వంతెనమీది ముదుసలి కడపట చెప్పిన మాట. తాను పనిలో చేరిన కాలమున చలిగాలి దినములలో ఐరన్ బ్లూ కనబడక పోవుట లేదట. ఇప్పుడు దానిని చూచి కొన్ని యేండ్లాయెనట. పొలముల మన్నును, మురికినీరును ఏళ్లలో చేరుచున్నవి. బ్లూ వింగ్డ్ ఆలివు గ్రుడ్లు సన్నని ఒండ్రును ఫాస్ఫేటును హెచ్చిన నీటిలో అధికముగ చచ్చుచున్నవని ఇటీవలి ప్రయోగములలో తేలినది. హంగేరీలో 1990ల నాటి పరిశోధకులు మఱొక విపరీతమును చూపిరి. తారురోడ్డు మెఱపు ఏటినీటి మెఱపువలె కనబడుటచే కొన్ని మేఫ్లైలు రోడ్డుమీదనే గ్రుడ్లు పెట్టుచున్నవి. "నా మనుమనికి ఈ పేళ్లన్నియు నేర్పితిని. చూపుటకు పురుగే లేదు" అనెను ఆ ముదుసలి.

నేను చీటిని మడిచి జేబులో పెట్టుకొంటిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు వేఱొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను.

ఉద్యోగపు తొలినాళ్లలో ఆఱవ తరగతికి మా చెఱువు అను వ్యాసము వ్రాయించితిని. చేపలు పట్టువారి పిల్లవాడొకడు రెండు పుటలు వ్రాసెను. అందులో చేపల పేళ్లే పదునొకండు. మట్టగిడస, జెల్ల, బొమ్మిడాయి, వాలుగ, ఇవి నేనెఱిగినవి. తక్కినవి నేనెన్నడును వినలేదు. ఏది బురదలో దాగునో, ఏది కొత్తనీటికి ఎదురెక్కునో వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో ఆ పదునొకండింటిని కొట్టివేసి, పైన మత్స్యములు అని ఒక్కమాట వ్రాసితిని. గ్రామ్యమని అంచున వ్యాఖ్య చేర్చితిని. అతడు పుస్తకము తీసికొని ఏమియు మాటాడలేదు. మఱుసటి వ్యాసము నాలుగు వాక్యములు వ్రాసెను. అందు తప్పులేమియు లేవు.

ఆ చెఱువు ఇప్పుడు లేదు. సగము ఇండ్ల స్థలములైనది. ఆ బాలు డెచ్చటనున్నాడో యెఱుగను. ఆ పదునొకండు పేళ్లలో నేను కొట్టివేసిన యేడు ఎట్టివో నాకు జ్ఞప్తి లేవు. ఏలియను గ్రీకు పురుగు పేరు నిలిపి పోయెను, పురుగు తప్పిపోయినది. నేను పేరునే చెఱిపితిని. గ్రామ్యమన్న మాటకు మేము చదివిన శాస్త్రమున స్థానము కలదు, కాదనను. కాని కాటను, రొనాల్డ్సు ఏటియొడ్డు మాటను కొట్టివేసి యుండినచో, గ్రీన్ డ్రేకు గ్రే డ్రేకగుట నేడు నేను మీకు చెప్పగలిగియుందునా?

పెద్దలారా, మీకు చదువు వచ్చును, వయసు వచ్చినది, తీరిక కలదు. మీ యూరి చేప, పక్షి, పురుగు, గడ్డి, వీనిలో మీ తాతలు పేరుపెట్టి పిలిచినవి ఎన్నియో మీ నోట నున్నవి. ఒక చిన్నపుస్తకము తీసికొని, పేరును, అది కనబడు నెలను, దాని నడవడిని మూడు గళ్లలో వ్రాసి యుంచుడు. పండితుని పేరు తెలియకున్నను చింత లేదు. దానిని తరువాతివారు చేర్తురు. మీరెఱిగినది మాత్రము మీ తరువాత మఱియొకరు వ్రాయలేరు. ఇంటికి వచ్చిన పిమ్మట నేనును మొదలుపెట్టితిని. మొదటి పుటలో నాలుగు పేళ్లున్నవి. వానిక్రింద ఏడు పంక్తులు ఖాళీగ విడిచితిని.